లాభం, రెండు, మూడు

ఎంతెత్తునుంచి పడ్డావని అడిగింది చిన్న డాక్టరమ్మ.
అడుగుల్లో నాకు తెలీదండి.
పశువుల పాక వెనక కాలవ మీదికి వాలిన చెట్టు,
కింద మనిషి గొడుగేసుకుని నిలబడితే
గొడుగు మాత్రమే కనపడే ఎత్తు.
ఆవిడ కాగితం మీద ముప్పై అని రాసుకుంది.

చెట్టు తప్పేం లేదు.
రాత్రంతా వాన. మొవ్వు దగ్గర పాకుడు.
పొద్దుణ్ణుంచి పదకొండు చెట్లు దింపినవాణ్ణి,
పన్నెండో చెట్టులో పట్టుకున్న మట్ట
నాకంటే ముందు దిగిపోయింది.
నేల మీద పడ్డాక
కాలెలా ఉందో చూసుకోలేదు,
కత్తెక్కడుందో చూశాను.

ముందు కట్టు సత్తెయ్యొచ్చాడు.
మినప్పిండి, కోడిగుడ్లు, వెదురు బద్దలు.
తొడ మీద చెయ్యేసి కళ్ళు మూసుకుని
చాలాసేపు ఏదో విన్నాడు.
"చెయ్యైతే కడతాను, పిక్కైతే కడతాను,
తొడెముక నా మాట వినదురా,
కాకినాడ తీసుకుపొండి."
గుడ్లు మా పల్లాలమ్మకి తిరిగిచ్చేశాడు.
దారిలో కాలు ఊగకుండా బద్దలు మాత్రం కట్టాడు.
(ఆస్పత్రిలో పెద్ద డాక్టరు వాటిని విప్పుతూ
ఎవడు కట్టాడిదీ అన్నాడు.
తిడతాడేమోనని మేం పేరు చెప్పలేదు.
బాగా కట్టాడే, అన్నాడు.)

ముక్తేశ్వరం రేవులో ఆటో పంటెక్కింది.
గోదారి నాకెప్పుడూ పైనుంచే పరిచయం,
చెట్టు కొసనుంచి చూస్తే
ఇసకలో ఆరేసిన పంచె.
ఆ పూట వీపు కిందనుంచి తెలిసింది.
ఇంజను వేసిన ప్రతి దెబ్బా వచ్చి
విరిగిన రెండు ముక్కల మధ్య కూచుంది.
పంటువాడు నెమ్మదిగా పోనిచ్చాడు.
మోటారుసైకిళ్ళవాళ్ళు ఒక్కళ్ళూ
ఆలస్యమైందనలేదు.

మోకాలి కింద ఎముకలోంచి చువ్వ దూర్చి
తాడు కట్టి, కప్పీ మీంచి
ఇసక సంచి వేలాడదీశారు.
రాడ్డు వచ్చేదాకా పదకొండు రోజులు.
ఇరవై రెండేళ్ళు వేలాడేవాటిని కోసినవాడి కాలికి
గెల వేలాడుతోంది, కొయ్యడానికి లేదు.
పక్క మంచం కుర్రాడు పోతురాజుది బైరవపాలెం,
పడవ ఇంజను హ్యాండిలు ఎదురు తన్ని
మణికట్టు విరగ్గొట్టింది.
"బాబాయ్, ఆ గెలకి ఎన్ని కాయలుంటాయేంటి?"
"ఏడు కిలోలంటన్నారు.
వలవకపోతే ఆరు. వలిస్తే పదీ పదకొండు."
వార్డంతా నవ్వింది, నవ్వితే నొప్పెట్టేవాళ్ళు తప్ప.

వెన్నులో సూదేశారు. నడుం కింద నేను లేను.
ఆకుపచ్చ గుడ్డ అవతల సుత్తి చప్పుడు,
ఎవరింటికో గుమ్మం నిలబెడుతున్నట్టు.
తరవాత మరలు.
తిప్పే చప్పుడు ఆగినప్పుడల్లా లెక్కపెట్టాను.
లాభం.
రెండు.
"ఏంటయ్యా గొణుగుతున్నావ్?"
"లెక్కండి. మొదటిదాన్ని ఒకటనకూడదండి, లాభమనాలి."
మూడు.
నాలుగోది బిగిసినప్పుడు
గుడ్డ అవతలనుంచి డాక్టరు గొంతే
"నాలుగు" అంది.

నలభై ఐదు రోజులకి రమ్మన్నారు.
కొబ్బరి దింపుకీ అదే వాయిదా.
చంకల కింద కర్రలతో వెళ్ళాను.
చిన్న డాక్టరమ్మ ఎక్స్‌రే కిటికీకి పట్టుకుని
విరిగినచోట చుట్టూ తెల్లటి ఉబ్బు చూపించింది,
కొత్త ఎముక పోస్తోందంది.
"కాయ కాసిందన్నమాట," అని
నా అరచేతులు చూపించాను.
వేలితో నొక్కి చూసింది,
ఎక్స్‌రేలో ఉబ్బునీ, చేతిలో కాయనీ.
"చెట్టెప్పుడెక్కొచ్చండి?"
ఆవిడ పల్లాలమ్మ వైపు చూసింది.
పల్లాలమ్మ అంబాజీపేటలో కాయలు వలుస్తోందప్పటికే,
తన చేతులు కొంగులో పెట్టుకుంది.

వాలిన చెట్టు నా కోసం ఆగలేదు, ఎందుకాగుతుంది.
ఎవరో కుర్రాడెక్కాడు, మొవ్వు దగ్గర తొందరెక్కువ వాడికి.
"మట్ట చూసి పట్టుకో" అని కిందనుంచి అరుస్తాను.
నా పనిప్పుడు రాశి పక్కన స్టూలు మీద కూచుని
లెక్క చెప్పడం.
మొదటి కాయ నేలకి తగిలిన చప్పుడికి
తొడ ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది,
నాలుగు మరలతో సహా.
నోరు మాత్రం
లాభం అంటుంది.